కత్తెర పడకముందే

రెడీమేడ్ చొక్కా కొనేవారు తేల్చుకునేవి మహా అయితే మూడు: రంగు, సైజు, ధర. అదే చొక్కా కుట్టించుకునేవారు గుడ్డ ఏదో, కాలరు ఎంత వెడల్పో, జేబు ఒకటా రెండా, చేతులు ఎక్కడిదాకా రావాలో, అడుగు గుండ్రంగా ఉండాలో సమంగా ఉండాలో, గుండీలు ఏ రంగువో అన్నీ తామే చెప్పాలి. మనిషి అభిరుచి బట్టల్లో కనిపించేది ఈ చిన్న చిన్న నిర్ణయాల వల్లే. వాటన్నిటినీ ఇంకొకరికి వదిలేస్తే ఎంత ఖరీదైన బట్ట అయినా వేసుకున్నవారి గురించి చెప్పేది తక్కువ. పైగా అవన్నీ గుడ్డ మీద కత్తెర పడకముందే జరిగిపోవాలి. కత్తిరించాక సరిచేయడానికి దర్జీ చేతిలో మిగిలేది చాలా కొద్ది.

రెడీమేడ్ దుస్తులు ఏ ఒక్కరినీ చూసి కత్తిరించినవి కావు. 40 సైజు చొక్కాలో ఛాతీ కొలత ఒక్కటే ఖాయం. భుజం, మెడ, చేతి పొడవు, పొట్ట చుట్టు అన్నీ అంత ఛాతీ ఉన్నవారికి సగటున ఎంత ఉండొచ్చో అంచనా వేసి పెట్టినవి. ఆ సగటుకు దగ్గరగా ఉన్నవారికి చొక్కా హాయిగా సరిపోతుంది. ఛాతీ 40 ఉండి భుజాలు సన్నగా ఉన్నవారికి భుజం కుట్టు జారి చేతి మీదికి వస్తుంది. పొట్ట ఉన్నవారు దానికి సరిపడే సైజు తీసుకుంటే మెడ వదులై కాలరు వేలాడుతుంది. లెక్క ఎవరికోసమో వేసింది కాబట్టి ఇలా జరుగుతుంది. చాలామంది, ముఖ్యంగా వయసులో ఉన్న ఆడపిల్లలు, ట్రయల్ రూము అద్దం ముందు నిలబడి తమ ఒళ్లే బాగాలేదనుకుని బయటికి వస్తారు. ఇంత అనవసరమైన బాధ మరొకటి లేదు.

తెలుగు ఇళ్లలో మిగతా బట్టలన్నీ రెడీమేడ్ అయిపోయినా జాకెట్టు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా దర్జీ చేతి మీదుగానే వస్తోంది. ఒంటికి అంత దగ్గరగా, అంత కొద్ది వదులుతో ఉండే బట్ట మరొకటి లేకపోవడమే దీనికి కారణం. అరంగుళం తేడా వస్తే చంకలో పట్టేస్తుంది, లేదా భుజం మీంచి జారుతుంది. సాగే గుడ్డతో చేసిన రెడీమేడ్ జాకెట్లు దొరుకుతున్నా, పెళ్లికో పండక్కో మంచి చీర కొన్నవారు వాటితో సరిపెట్టుకోరు. అంటే కొలతలిచ్చి కుట్టించుకునే అలవాటు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరికి ఉంది. ఆ అలవాటును చొక్కాకూ కుర్తాకూ ప్యాంటుకూ విస్తరించుకోవడమే ఇక్కడ చెప్పదలచినది. జాకెట్టు ఉదాహరణ పదేపదే రావడం కూడా అందుకే.

రోజు ఎలా గడుస్తుంది

సొంత శైలి కోసం వెతికేవారు ముందు సినిమాలూ ఫోటోలూ చూస్తారు. అంతకంటే ముందు చూసుకోవలసింది రోజు ఎలా గడుస్తుందో. బోర్డు మీద రాసే పంతులమ్మ చెయ్యి గంటల తరబడి పైకి లేస్తూ ఉంటుంది. ఆమె జాకెట్టుకు చంక సరిగ్గా కుదరకపోతే మెడ ఎంత అందంగా తీసినా లాభం లేదు. స్కూటీ నడిపే అమ్మాయికి పక్క చీలిక లేని బిగుతైన కుర్తా పనికిరాదు. బైకు మీద ముందుకు వంగి కూర్చునేవారికి చొక్కా వెనక భాగం రెండంగుళాలు పొడుగ్గా ఉంటే నడుము బయటపడదు. సెల్‌ఫోను, తాళాలు, డబ్బు మోసే మగవారికి జేబులు పుష్కలంగా పెట్టే దర్జీలు ఆడవారి కుర్తాకు జేబు పెట్టమంటే ఆశ్చర్యపోవడం మొన్నమొన్నటి మాట. పక్క కుట్టులో పెట్టే జేబుకు జానెడు గుడ్డ చాలు. అడిగినవారికి పెడతారు, అడగాలి అంతే.

వాతావరణం సంగతి కూడా ఇందులోదే. రామగుండంలోనూ రెంటచింతలలోనూ ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో అస్తరు వేసిన పాలియెస్టర్ కుర్తా వేసుకుని తిరగడం ఒంటికి శిక్ష. రోజంతా ఏసీ గదిలో కూర్చునే బ్యాంకు ఉద్యోగికి అదే గుడ్డ ఇబ్బంది పెట్టకపోవచ్చు. ఒకే ఊళ్లో ఇద్దరికి రెండు రకాల బట్ట కావలసి వస్తుంది.

ఏ బట్టలు తమకు నప్పుతాయో తెలుసుకోవడానికి బీరువా మంచి సాక్ష్యం. తరచు వేసుకునే నాలుగైదు జతలను ఒక పక్కన, కొని మూలన పడేసినవాటిని మరో పక్కన పెట్టి చూస్తే ఒక పోలిక బయటపడుతుంది. ఇష్టంగా వేసుకున్నవన్నీ ముప్పావు చేతులవే కావచ్చు, లేదా అన్నిటికీ మెడ చిన్నదే కావచ్చు, అన్నీ ముతక నూలువే కావచ్చు. మూలన పడ్డవాటిలోనూ ఏదో ఒక తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఈ రెండూ కాగితం మీద రాసుకుంటే దర్జీకి చెప్పవలసిన దానిలో సగం తయారైనట్టే. ఇష్టపడి కొని వేసుకోనివి ఎందుకు వేసుకోలేదో నిజాయితీగా ఒప్పుకోవడం కొంచెం కష్టమే. ఎవరినో చూసి కొన్నవి అందులో తప్పకుండా ఉంటాయి.

గుడ్డ

మంచి గుడ్డకు సాదా కుట్టు చాలు. నాసిరకం గుడ్డకు ఎంత పనితనం చూపినా నాలుగు ఉతుకుల తర్వాత నిలబడదు. అందుకే డబ్బు తక్కువగా ఉన్నప్పుడు మగ్గం వర్కు ఎంబ్రాయిడరీ తగ్గించి ఆ డబ్బు గుడ్డ మీద పెట్టడం మేలు.

నేత గుడ్డల విషయంలో తెలుగువారికి ఉన్నంత అదృష్టం చాలా కొద్దిమందికే ఉంది. ఒక్కో ఊరి గుడ్డకు ఒక్కో గుణం ఉండడం వల్ల అది ఏ దుస్తుకు పనికొస్తుందో కూడా మారుతుంది. మంగళగిరి నేత గుంట మగ్గాల మీద తయారవుతుంది. ఒళ్లంతా సాదాగా ఉండి అందం అంచులోనే ఉంటుంది, ఆ అంచులో కనిపించే చిన్న గోపురాల వరసను నిజాం అంచు అంటారు. గట్టిగా, నిలకడగా ఉండే ఈ గుడ్డ కుర్తాకూ చొక్కాకూ చక్కగా ఒదుగుతుంది. అంచును చేతుల చివరో, కుర్తా అడుగునో వచ్చేట్టు కత్తిరించమంటే వేరే అలంకరణ అక్కర్లేదు. వెంకటగిరి నూలు పలచన, మెత్తన. జాకెట్టుకైనా కుర్తాకైనా అస్తరు తప్పదు. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ ఒకేలా కుంచించుకోవు కాబట్టి పాత గద్వాల చీరతో లంగానో పొడవాటి గౌనో కుట్టించాలనుకుంటే అంచును ఒంటి నుంచి విడదీసి మళ్లీ అతికించే దర్జీనే వెతుక్కోవాలి.

పోచంపల్లి ఇక్కత్తులో నూలును నేయకముందే కట్లు కట్టి రంగులు అద్దుతారు. అందుకే బొమ్మ అంచులు కాస్త అలుముకున్నట్టు ఉంటాయి, గుడ్డ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. కుట్టించేటప్పుడు దీనితో ఒక చిక్కుంది. చొక్కా ముందు రెండు భాగాలూ గుండీ పట్టీ దగ్గర కలిసినప్పుడు బొమ్మ తెగకుండా ఉండాలంటే ఒక భాగాన్ని పైకో కిందికో జరిపి కత్తిరించాలి, దానికి పావు మీటరో అర మీటరో ఎక్కువ పడుతుంది. గళ్ల గుడ్డకూ ఇంతే. ఆ ఎక్కువ గుడ్డ కొనకుండా బొమ్మ కలవలేదని దర్జీని నిందించడం అన్యాయం. పుట్టపాక తేలియా రుమాలు ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో చతురస్రాలుగా వస్తుంది కాబట్టి దాన్ని ముక్కలు చేయడం కంటే వీపు మీద ఒక చదరం నిండుగా వచ్చేట్టు పైకోటు కుట్టించడం బాగుంటుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు కోసం దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో సన్నని నూలు వడుకుతారు. అలాంటి గుడ్డను చేతిలోకి తీసుకున్నవారు దానిమీద ప్లాస్టిక్ గుండీలు కుట్టమని చెప్పరు, చెప్పకూడదు కూడా. కలంకారీలో శ్రీకాళహస్తి పని కలంతో గీసేది, మచిలీపట్నం దగ్గర పెడనలో చేసేది చెక్క అచ్చులతో అద్దేది. అచ్చు గుడ్డ రోజువారీ కుర్తాకు తగును. కలం పని ఉన్న గుడ్డను బొమ్మ మధ్యలో కోయకుండా వీపుకో కొంగుకో వదిలేయాలి.

చేనేత అని చెప్పి మరమగ్గం గుడ్డ అమ్మడం పాత రోగం. 2006 నుంచి అమల్లో ఉన్న హ్యాండ్‌లూమ్ మార్క్, పట్టుకైతే 2004లో వచ్చిన సిల్క్ మార్క్ చీటీలు కొంతవరకు భరోసా ఇస్తాయి. రంగు చూడడానికి దుకాణం ట్యూబులైటును నమ్మకూడదు. గుడ్డను గుమ్మం దగ్గరకు తెచ్చి పగటి వెలుతురులో గడ్డం కింద పెట్టుకుని చూడాలి. ముఖం తేటగా కనిపిస్తే ఆ రంగు నప్పినట్టు, ముఖం కంటే ముందు గుడ్డే కనిపిస్తే నప్పనట్టు. నల్లగా ఉన్నవారు లేత రంగులే వేసుకోవాలని, ముదురు రంగులు తెల్లగా ఉన్నవారికేనని దుకాణాల్లో ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. అది వినవలసిన మాట కాదు. ముదురు చామనఛాయ మీద పసుపు, ఎరుపు, నెమలికంఠం రంగులు ఎంత నిండుగా ఉంటాయో నేత చీరలు కట్టే పల్లెటూరి ఆడవాళ్లను చూస్తే తెలుస్తుంది.

గుడ్డ ఎంత కొనాలన్నది పన్నాను, అంటే గుడ్డ వెడల్పును బట్టి ఉంటుంది. మధ్యస్థమైన ఒళ్లున్నవారి నిండుచేతుల చొక్కాకు 36 అంగుళాల పన్నా అయితే రెండుంబావు మీటర్లు, 58 అంగుళాలదైతే 1.6 మీటర్లు పడుతుంది. ప్యాంటుకు 58 అంగుళాల పన్నాలో 1.2 నుంచి 1.3 మీటర్లు. చీరతో వచ్చే జాకెట్టు ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్లు ఉంటుంది. మోచేతి కిందిదాకా చేతులు కావాలన్నా, ఒళ్లు భారీగా ఉన్నా అది చాలదు, మీటరు కావాలి. కొన్నాక కుట్టుకు ఇచ్చేముందు నూలు గుడ్డను, దాని అస్తరును నీళ్లలో నానబెట్టి ఆరవేయడం తప్పనిసరి. ఉతకని చేనేత నూలు నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుంచించుకుంటుంది. 40 అంగుళాల కుర్తాలో అది రెండంగుళాల దాకా పోతుంది. అస్తరు ఒక్కదాన్ని తడపకుండా వదిలేస్తే మొదటి ఉతుకులోనే లోపలి గుడ్డ దగ్గరపడి పైగుడ్డ ముడతలు తేలుతుంది. కొత్త జాకెట్టు ఒక్కసారికే పాడైందని వచ్చే ఫిర్యాదుల్లో ఈ కారణం ఎక్కువ.

కొలతలు

జాకెట్టుకు ఆది జాకెట్టు ఇచ్చి రావడం అందరికీ అలవాటు. తేలికైన పద్ధతే, అయితే పాత జాకెట్టు ఉతికి ఉతికి సాగి ఉంటుంది, రెండు మూడుసార్లు కుట్లు విప్పి వదులు చేసి ఉంటారు, ఒళ్లూ మారి ఉంటుంది. ఆదిలో ఉన్న తప్పే కొత్తదానిలోకి వస్తుంది. కనీసం ఏడాదికోసారి ఒంటి మీద కొలతలు తీయించుకుని, ఆది జాకెట్టును మెడ లోతుకూ చేతి పొడవుకూ మాత్రమే చూపించడం మంచిది. కొలతలిచ్చేటప్పుడు రోజూ వేసుకునే లోదుస్తులే వేసుకోవాలి. ఊపిరి బిగబట్టకూడదు, పొట్ట లోపలికి లాక్కోకూడదు. టేపు ఒంటికి తగిలీ తగలనట్టు ఉండాలి. కూర్చున్నప్పుడు నడుము చుట్టు ఎంత పెరుగుతుందో అదీ చూసుకుంటే ప్యాంటు వేసుకున్నవారు భోజనానికి కూర్చుని బెల్టు వదులు చేసుకునే పని ఉండదు.

అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది చంక. చెయ్యి లేపితే జాకెట్టు మొత్తం పైకి లేచిపోతుంటే చాలామంది చంక ఇంకా కిందికి దించి వదులు చేయమంటారు. చంక దిగేకొద్దీ చెయ్యీ ఒళ్లూ కలిసే చోటు కిందికి పోతుంది, అప్పుడు చెయ్యి లేపితే పక్క కుట్టు మరింత లాగుతుంది. చంక ఎత్తుగా, ఒంటికి దగ్గరగా ఉండి, చేతి ముక్కలో తగినంత వెడల్పు ఉంటేనే చెయ్యి స్వేచ్ఛగా తిరుగుతుంది. ఇది తెలిసిన దర్జీ కొలతలు తీస్తూ చెయ్యి ఒకసారి పైకెత్తమంటాడు. తెలియనివాడు చెయ్యి కిందికి ఉండగానే టేపు చుట్టి ఊరుకుంటాడు. కొత్త దర్జీ పనితనం అంచనా వేయడానికి ఇంతకు మించిన పరీక్ష అక్కర్లేదు.

తర్వాత కట్, అంటే కత్తిరింపు తీరు. ముందు భాగాన్ని ఏటవాలుగా కత్తిరించే క్రాస్ కట్ జాకెట్టు ఒంటితోపాటు కాస్త సాగుతుంది. పడుగు పేకల వెంట సాగని నేత గుడ్డ ఐమూలగా లాగితే సాగడమే దీనికి ఆధారం. ప్రిన్సెస్ కట్‌లో చంక నుంచి నడుము దాకా నిలువుగా ఒక కుట్టు వచ్చి డాట్లు అందులోనే కలిసిపోతాయి. ఒంటికి నున్నగా అమరుతుంది, సాదా గుడ్డకు అందంగా ఉంటుంది. బొమ్మలున్న ఇక్కత్తుకు మాత్రం ఆ కుట్టు బొమ్మను రెండుగా చీలుస్తుంది కాబట్టి సాదా డాట్లే నయం. భారీ ఛాతీ ఉన్నవారికి గిన్నె ఆకారపు ముక్కలతో కుట్టే కటోరి కట్ నిలకడనిస్తుంది. ఏది కావాలో ఫోటో చూపించి ఎంచుకోవడం కంటే ఒంటిని బట్టీ గుడ్డను బట్టీ దర్జీ మాస్టారు చెప్పింది వినడం చాలాసార్లు మేలు చేస్తుంది. మెడ లోతు, చేతుల పొడవు, అందులో బుట్ట చేతులు పెట్టించుకోవాలా వద్దా అన్నది మాత్రం పూర్తిగా వేసుకునేవారి ఇష్టం.

వదులు కూడా చెప్పి చేయించుకోవలసిందే. జాకెట్టుకు ఛాతీ చుట్టు మీద ఒకటి రెండు అంగుళాలు, కుర్తాకు మూడు నాలుగు, చొక్కాకు నాలుగు నుంచి ఆరు అంగుళాలు వదులు ఉండడం మామూలు. చొక్కా భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఆగాలి. పై గుండీ పెట్టుకున్నాక కాలరులో రెండు వేళ్లు పట్టాలి. ప్యాంటుకు సీటు, తొడ, మోకాలు, బాటం నాలుగూ విడివిడిగా కొలిపించుకోవాలి. నడుము, పొడవు మాత్రమే రాసుకునేచోట ప్యాంటు ఇవ్వకపోవడం మంచిది.

కుట్టించుకోవడంలోని అసలైన విలువ రెడీమేడ్ లెక్కల్లో ఇమడని ఒళ్లకు తెలుస్తుంది. ఒక భుజం దిగి ఉన్నవారికి రెండు భుజాలనూ వేర్వేరుగా కొలిచి, దిగిన వైపు లోపల చిన్న మెత్త వేస్తే చొక్కా సమంగా నిలుస్తుంది. చక్రాల కుర్చీలో ఉండేవారికి ప్యాంటు వెనక ఎత్తుగా, ముందు తక్కువగా కత్తిరించాలి, వెనక జేబులు తీసేయాలి, లేకపోతే ఆ కుట్లే ఒరుసుకుని పుండ్లు పడతాయి. పాలిచ్చే తల్లి కుర్తాకు పక్కల్లో కనిపించని జిప్పు పెట్టించుకోవచ్చు. వేళ్లు వంగని పెద్దవారికి హుక్కుల బదులు వెల్క్రో పట్టీ వేసి, పైన అలంకారానికి గుండీలు కుట్టవచ్చు. ఒకరి సాయం లేకుండా జాకెట్టు వేసుకోగలిగిన రోజు డెబ్భై ఏళ్ల అవ్వ ముఖంలో కనిపించే తృప్తి ఏ డిజైనరు దుస్తులు ఇచ్చే తృప్తికీ తక్కువది కాదు.

మాస్టారుతో మాట

కుట్టు చెడడానికి సగం కారణం మాట సరిగ్గా అందకపోవడం. "మొన్నటిలాగే కుట్టండి మాస్టారూ" అని చెప్పి వచ్చేస్తే, రోజుకు పాతిక జాకెట్లు చూసే మనిషికి మొన్నటిది గుర్తుండదు. "వెనక మెడ ఏడంగుళాలు, ముందు ఆరున్నర, చేతులు మోచేతికి ఒక అంగుళం పైకి, హుక్కులు ముందు, లోపల రెండు వైపులా అంగుళం చొప్పున గుడ్డ వదలండి" అని చెప్పి, అదే చీటీ మీద రాసి గుడ్డకు పిన్ను పెడితే పొరపాటుకు చోటుండదు. లోపల గుడ్డ వదలమనడం ఎప్పుడూ మరిచిపోకూడదు. రెండేళ్ల తర్వాత ఒళ్లు చేసినా ఆ అంగుళమే జాకెట్టును కాపాడుతుంది. పట్టు జాకెట్లకైతే ఇది మరీ ముఖ్యం, అలాంటి గుడ్డ మళ్లీ దొరకదు.

ఫోటో చూపించడం తప్పేమీ కాదు. ఆ ఫోటోలో నచ్చింది ఏమిటో విడమరిచి చెప్పాలి. చేతుల చివరి కుచ్చా, వెనక ముడా, మెడ ఆకారమా? ఫోటోలోని మనిషి ఒళ్లు వేరు, గుడ్డ వేరు, పైగా చాలా ఫోటోల్లో జాకెట్టును వెనక పిన్నులతో బిగించి తీస్తారు.

కొత్త దర్జీకి మొదట ఖరీదైన గుడ్డ ఇవ్వకూడదు. మామూలు నూలు జాకెట్టో పైజమానో ఇచ్చి చూసి, చంక, మెడ, కాజాలు, లోపలి ఓవర్‌లాక్ పరిశీలించాక పట్టు గుడ్డ అప్పజెప్పాలి. శ్రావణ మాసంలో, దసరా ముందు, పెళ్లిళ్ల సీజనులో ఎంత మంచి దర్జీ అయినా పని సహాయకుల చేతికి వదులుతాడు. ఆ హడావుడికి నెల ముందే ఇవ్వడం, మధ్యలో ఒకసారి పచ్చి కుట్టు మీద ట్రయల్ వేసి చూస్తానని మాట తీసుకోవడం లాభం. తప్పు వస్తే గొంతు పెంచడం కంటే ఒంటి మీద వేసుకుని చూపించడం త్వరగా పని చేస్తుంది. మిషను మీద మెడ వంచి పదేళ్లుగా అదే పని చేస్తున్నవారికి ఎక్కడ విప్పాలో చూడగానే తెలుస్తుంది. బాగా కుదిరినప్పుడు ఆ మాట కూడా చెప్పాలి. కుట్టు కూలి బేరమాడేవారు గుడ్డ దుకాణంలో అంత గట్టిగా బేరమాడకపోవడం విచారించదగ్గ విషయం.

గుర్తు

దుస్తుల్లో వ్యక్తిత్వం కనిపించడమంటే రోజుకో కొత్త వేషం అవసరమని చాలామంది అనుకుంటారు. నిజానికి మనిషిని గుర్తు చేసేది పదేపదే కనిపించే ఒక్క అంశం. ఎన్.టి. రామారావు 1982లో చైతన్యరథం ఎక్కి ప్రచారానికి బయలుదేరినప్పుడు వేసుకున్న ఖాకీ బట్టలు ఇప్పటికీ జనం మనసులో ఉన్నాయి. 2003 పాదయాత్రలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి తెల్ల పంచె, తెల్ల చొక్కా, తలపాగా ఎన్నో బొమ్మల్లో, విగ్రహాల్లో నిలిచిపోయాయి. ఇద్దరి బట్టల్లోనూ ఆడంబరం లేదు, మార్పు లేకపోవడమే వాటి బలం.

మామూలు మనుషులకూ ఇది వర్తిస్తుంది. ఎప్పుడూ చైనా కాలరు చొక్కాలే వేసే లెక్చరరు, ప్రతి జాకెట్టు చేతికీ నరసాపురం లేసు అంచు కుట్టించుకునే గృహిణి, చొక్కా జేబు మీద ఒక లంబాడీ అద్దాల ముక్క పెట్టించుకునే కుర్రవాడు, ఎంత ఖరీదైన చీరకైనా ముతక కలంకారీ జాకెట్టే వేసే కవయిత్రి, వీళ్లందరినీ దూరం నుంచే పోల్చుకోవచ్చు. ఆ ఒక్క అంశం ఎంచుకోవడానికి తొందర అక్కర్లేదు. బీరువాలో మళ్లీ మళ్లీ తీసి వేసుకున్నవాటిలో అది ఇప్పటికే ఉంటుంది. మిగతాదంతా సాదాగా ఉంచి దాన్ని ఒక్కదాన్నే నిలబెడితే చాలు. మెడకు వర్కు, చేతులకు వర్కు, వెనక ముళ్లు, గుత్తులు, అద్దాలు అన్నీ ఒకే జాకెట్టు మీద వస్తే చూసేవారి కన్ను ఎక్కడా నిలవదు.

మగవారి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తెలుపు, లేత నీలం, సన్న గళ్లు దాటి రావడానికి చాలామంది జంకుతారు. ఒక్కసారిగా పూల చొక్కా వేయనక్కర్లేదు. తెల్ల చొక్కాకే కాలరు లోపలి పట్టీ, చేతి మడత లోపలి భాగం ఇక్కత్తు ముక్కతో కుట్టించుకుంటే చేతులు మడిచినప్పుడు మాత్రమే అది కనిపిస్తుంది. ఆఫీసుకూ ఇబ్బంది లేదు, వేసుకున్నవారి మనసుకూ ఊరట. అలా అలవాటయ్యాక రంగు తనంతట తానే బయటికి వస్తుంది.

నిలుపుకోవడం, మార్చుకోవడం

కుట్టించిన బట్టల్ని సరిచేయించడానికి కొన్ని హద్దులున్నాయి. పక్కలు బిగించడం, పొడవు తగ్గించడం, చేతులు సన్నం చేయడం సులభం. లోపల గుడ్డ ఉంటే వదులు చేయడమూ కుదురుతుంది. భుజం తగ్గించాలంటే చెయ్యి మొత్తం విప్పాలి, భుజం పెంచడం మాత్రం కుదరదు. ముందు మెడ ఒకసారి లోతుగా కత్తిరించాక పట్టీ అతికించడం తప్ప గతి లేదు. అందుకే మెడ విషయంలో అనుమానం ఉంటే మొదట అరంగుళం చిన్నదిగానే తీయించాలి. కత్తిరింపుల్లో మిగిలిన ముక్కల్ని దర్జీ దగ్గర వదిలేయకుండా ఒక సంచిలో పెట్టుకుంటే చిరుగులకూ, గుండీ చుట్టుకూ, చంకలో చిన్న పట్టీ వేయడానికీ అవే అక్కరకొస్తాయి.

జరీ ఉన్న పట్టు చీరను దుస్తులుగా మార్చేటప్పుడు మడతల వెంట పట్టి చూడాలి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్నచోట పోగు చిట్లిపోతుంది, పైకి బాగున్నట్టే కనిపించినా కుట్టు పడగానే చిరుగుతుంది. అమ్మమ్మ పెళ్లి చీరతో మనవరాలికి లంగా కుట్టించాలనే ముచ్చట చాలా మంచిది. అయితే గట్టిగా ఉన్న భాగాలనే వాడి, మొత్తం లోపల మెత్తని నూలు అస్తరు వేయించి, పిల్ల ఎదిగేకొద్దీ దించుకోవడానికి అడుగున ఒకటి రెండు మడతలు కుట్టించాలి. పిల్లల బట్టలన్నిటికీ ఆ మడతలు అలవాటు చేసుకోవచ్చు.

ఇల్లు విడిచి దూరంగా ఉంటున్నవారికి మరో చిక్కు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తెలుగువారు చాలామంది జాకెట్లు ఇప్పటికీ సొంత ఊరి దర్జీ దగ్గరే కుట్టించుకుంటారు. ఊరికి వచ్చినప్పుడు ఒంటి మీద తీయించిన కొలతలను తేదీ వేసి పుస్తకంలోనూ ఫోనులోనూ రాసుకుని, ఆ కొలతలతో కుట్టి చక్కగా కుదిరిన ఒక నూలు జాకెట్టును అక్కడే దర్జీ దగ్గర లేదా ఇంట్లో ఆదిగా వదిలి వెళ్లడం మంచి పద్ధతి. దాన్ని ఎవరూ వేసుకోకూడదు, ఉతకకూడదు. ఏడాది తర్వాత ఒళ్లు మారితే ఎక్కడ ఎంత మారిందో టేపుతో చూసి, తేడా మాత్రమే ఫోనులో చెబితే సరిపోతుంది: "ఛాతీ అంగుళం పెంచండి, చేతి చుట్టు అర, మిగతాది ఆది ప్రకారమే." పంపించే ప్రతి జాకెట్టుకూ లోపల ఒకటిన్నర అంగుళం గుడ్డ వదలమని, అదే రంగు దారం కొంచెం, హుక్కులు నాలుగు చిన్న పొట్లంలో పెట్టి పంపమని చెప్పుకోవాలి. అక్కడ చిన్న మార్పులు చేసుకోవడానికి అవి చాలు.